పుప్పొడి ఎక్కడిది? గుంటూరు, విజయవాడ ప్రాంతపు పోలెన్ మూలాన్ని రసాయన పరీక్షలతో తేల్చే పద్ధతి

తేనెటీగలు తెచ్చే పుప్పొడిని (పోలెన్) అమ్మే సంచి మీద ‘గుంటూరు జిల్లా మొక్కజొన్న పోలెన్, పాకం పెట్టని పెట్టెల నుంచి’ అని రాసి ఉందనుకోండి. ఆ ఒక్క ముక్కలో మూడు వాదనలున్నాయి. పుప్పొడి ఏ మొక్కది? ఆ మొక్క ఏ నేలలో పూసింది? తేనెటీగలకు పంచదార పాకం పెట్టారా లేదా? మూడింటికీ పరీక్షలు వేరు, వాడే యంత్రాలు వేరు, పొరపాట్లు జరిగే చోట్లూ వేరు. ‘ఇది ఎక్కడిదో చెప్పండి’ అని ఓ పొట్లం ల్యాబు బల్ల మీద పెడితే నిజాయితీగా జవాబు చెప్పగల ల్యాబు ఏదీ లేదు. ‘ఇది ఫలానా చోటిదని అంటున్నారు, ఆ చోటి అసలు నమూనాలు ఇవిగో, సరిపోతుందా?’ అని అడిగితే మాత్రం గట్టి జవాబు వస్తుంది.

ఈ పద్ధతి అంతటికీ ఒకటే సూత్రం: ఒక మొక్క పుప్పొడిని అదే మొక్క పుప్పొడితోనే పోల్చాలి. కొబ్బరి పుప్పొడికీ పొద్దుతిరుగుడు పుప్పొడికీ మధ్య ఖనిజాల్లో, నత్రజనిలో, కార్బన్ ఐసోటోపుల్లో (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) ఉండే తేడా చాలాసార్లు బాపట్లకూ మాచర్లకూ మధ్య ఉండే తేడా కంటే పెద్దది. కలగలుపు సంచిని మొత్తంగా పొడి చేసి పరీక్షిస్తే మీరు కొలిచేది ఊరిని కాదు, ఆ వారం ఏ పూలు ఎక్కువ పూశాయన్నదాన్ని.

వాదనను కొలవగలిగేలా రాసుకోవడం

ముందుగా ‘గుంటూరు’ అంటే ఏమిటో తేల్చుకోవాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాలైంది. పాత లేబుల్ మీది గుంటూరులో నరసరావుపేట నల్లరేగడి, మాచర్ల వైపు సున్నపురాయి నేలలు, తెనాలి డెల్టా ఒండ్రు, బాపట్ల తీరపు ఇసుక అన్నీ ఉన్నాయి. రసాయనపరంగా ఇవి నాలుగు వేర్వేరు దేశాలంత దూరం. కాబట్టి వాదన ‘గుంటూరు’ అని కాకుండా ‘కృష్ణా డెల్టా’, ‘పల్నాడు మెట్ట’, ‘బాపట్ల తీరం’ అన్న స్థాయిలో ఉండాలి.

అంతకన్నా చిన్న చోటును నిరూపించడం సాధ్యం కాదు. ఈగ పెట్టె నుంచి మూడు కిలోమీటర్ల దూరం వెళ్లొస్తుందనుకున్నా ఆ వృత్తం వైశాల్యం దాదాపు 28 చదరపు కిలోమీటర్లు. ఫలానా రైతు తోటలోది అని రసాయన పరీక్షతో ఎవరూ తేల్చలేరు. తేలుస్తామని ఎవరైనా ధ్రువపత్రం ఇస్తే నమ్మకండి.

రిఫరెన్స్ నమూనాలు: అసలు పని ఇక్కడే

యంత్రాల కంటే ముందు, ఎక్కడివో అనుమానానికి తావులేని నమూనాలు కావాలి. ఒక్కో ప్రాంతానికి, ఒక్కో ముఖ్యమైన మొక్కకు కనీసం 15 నుంచి 20 నమూనాలు, అవీ కనీసం రెండు సీజన్లలో తీసినవి ఉంటేనే ఆ ప్రాంతపు సహజమైన హెచ్చుతగ్గులు కనిపిస్తాయి. ఒకే తోటలోని పది పెట్టెల నుంచి పది నమూనాలు తీస్తే అవి పది కావు. గణాంకాల లెక్కలో దాదాపు ఒకటే.

ఇటాలియన్ తేనెటీగల పెట్టెలకు సుమారు 5 మి.మీ. రంధ్రాల పోలెన్ ట్రాప్ (ఈగ కాళ్లకు కట్టుకొచ్చిన పుప్పొడి ఉండలను ద్వారం దగ్గరే రాల్చే జాలి) సరిపోతుంది. మన పుట్ట తేనెటీగ ఒళ్లు చిన్నది. అదే జాలి పెడితే ఉండలతో సహా లోపలికి దూరిపోతుంది కనుక దానికి సన్న రంధ్రాల జాలి కావాలి. ట్రాప్‌ను రెండు మూడు రోజులు ఉంచి తీసేయండి. అలాగే వదిలేస్తే పిల్ల పురుగులకు మేత చాలక పెట్టె బలం తగ్గుతుంది. ట్రేను రోజూ ఖాళీ చేయాలి. తాజా పుప్పొడిలో తేమ 20 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. డెల్టా ఉక్కలో ఒక్క రాత్రి వదిలేసినా పులుపు వాసన పట్టి బూజు మొదలవుతుంది. మొక్కజొన్న, జొన్న పుప్పొడి ఉదయంపూట వస్తుంది. సాయంత్రం ఒక్కసారే ట్రే చూసేవారు ఏ ఉండ ఎప్పుడొచ్చిందో చెప్పలేరు.

ప్రతి నమూనాతో పాటు రాసుకోవలసినవి: జీపీఎస్ స్థానం, తేదీ, ఈగ జాతి, పెట్టె అక్కడికి వచ్చిన రోజు, అంతకుముందు ఎక్కడుంది, చివరిసారి పాకం పెట్టిన రోజు, చుట్టూ పూస్తున్న పంటలు, గత పదిహేను రోజుల్లో చుట్టుపక్కల కొట్టిన మందులు, నీరు కాలువదా బోరుదా. ఈ చివరి రెండింటిని చాలామంది వదిలేస్తారు. ఫలితాలు చదివేటప్పుడు ఆ రెండే ఎక్కువ అక్కరకొస్తాయి. పెట్టెల యజమాని మధుక్రాంతి (తేనెటీగల పెంపకందార్లు నమోదు చేసుకునే ప్రభుత్వ వెబ్‌సైటు) పోర్టల్లో నమోదై ఉంటే ఆ వివరాలూ జతచేయండి. పెట్టె పక్కన పూసే పూల నుంచి చేత్తో సేకరించిన పుప్పొడి కొంచెం, అక్కడి మట్టి ఓ 200 గ్రాములు, కాలువ లేదా బోరు నీరు ఓ సీసా కూడా తీసిపెట్టుకుంటే తరువాత వచ్చే సగం ప్రశ్నలకు జవాబు వాటిలోనే దొరుకుతుంది.

సంచి నుంచి నమూనా తీయడం

25 కిలోల సంచిలో చిన్న ఉండలు, పొడి అడుక్కి దిగుతాయి. పైనుంచి గుప్పెడు తీస్తే అది సంచి కాదు. బోలు గొట్టంతో పై, మధ్య, అడుగు భాగాల నుంచి తీసి, శుభ్రమైన పాలిథిన్ మీద కుప్పగా పోసి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు ఉంచుకుంటూ 250 గ్రాములకు తగ్గించండి. దాన్ని మూడు పొట్లాలు చేసి సీలు వేయాలి: ఒకటి ల్యాబుకు, ఒకటి అమ్మినవారికి, ఒకటి వివాదం వస్తే తెరవడానికి. మూడూ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి.

పరీక్షకు ముందు 1 మి.మీ. జల్లెడలో మెల్లగా ఆడించి ధూళి వదిలించండి. పోలెన్‌ను నీళ్లతో కడగకూడదు, ఉండ విడిపోతుంది. ఎండబెట్టడం 40 డిగ్రీలు దాటకుండా, తేమ 6 నుంచి 8 శాతానికి వచ్చేదాకా. ఫ్రీజ్ డ్రయ్యర్ ఉంటే ఇంకా మంచిది. మే నెలలో విజయవాడలో డాబా మీద ఆరబోసిన పుప్పొడి 40 కంటే చాలా ఎక్కువ వేడి చూస్తుంది. రంగు మారుతుంది, ఫినాలిక్ పదార్థాల (మొక్కను గుర్తుపట్టించే సహజ రసాయనాల) ఆనవాలు చెదురుతుంది. గాల్వనైజ్డ్ రేకు మీద ఆరబెడితే జింకు, నాసిరకం స్టీలు ట్రేల వల్ల ఇనుము, క్రోమియం, నికెల్ కలుస్తాయి. వాటిని తరువాత ఎవరో నేల ఆనవాళ్లనుకుంటారు. పొడి చేయడానికి అగేట్ లేదా పింగాణీ కల్వం వాడండి. పుప్పొడి జిగటగా అంటుకుంటుంటే ద్రవ నత్రజనితో గడ్డకట్టించి నూరాలి.

రంగుల వారీగా ఏరడం, సూక్ష్మదర్శిని

ఇది రసాయన పరీక్ష కాదు. అయినా దీన్ని దాటేసి ముందుకెళ్లిన రసాయన పరీక్షకు విలువ లేదు. ఈగ ఒక విడతలో సాధారణంగా ఒకే జాతి పూల మీద తిరుగుతుంది కనుక ఒక్కో ఉండ దాదాపు ఒకే మొక్కది. ఉండ బరువు 7, 8 మి.గ్రా. ఉంటుంది. 10 గ్రాములు తీస్తే సుమారు 1300 ఉండలు. వాటిని పగటి వెలుగులో తెల్ల కాగితం మీద రంగుల వారీగా ఏరి, ఒక్కో రంగును తూచండి. ఆపైన ఒక్కో రంగు నుంచి ఐదారు ఉండలను 70 శాతం ఇథనాల్‌లో విడదీసి, సెంట్రిఫ్యూజ్ చేసి, ఫుక్సిన్ కలిపిన గ్లిజరిన్ జెల్లీలో స్లైడు వేసి చూడాలి. గింజ ఒంటి మీది చెక్కడం బాగా కనిపించాలంటే అసిటాలిసిస్ చేయాలి: 9 వంతుల అసిటిక్ అన్‌హైడ్రైడ్‌కు 1 వంతు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. దీనికి ముందు గ్లేసియల్ అసిటిక్ ఆమ్లంతో తేమ పూర్తిగా తీసేయాలి. నీటిచుక్క తగిలితే మిశ్రమం పైకి చిమ్ముతుంది. ఫ్యూమ్ హుడ్, ముఖానికి కవచం లేనిచోట ఆ పని పెట్టుకోవద్దు.

ఈ దశలోనే చాలా వాదనలు కూలిపోతాయి. గుంటూరు పేరుతో అమ్మే పసుపు ఉండలు ఆవాల పుప్పొడిగా తేలితే ఇక ఐసోటోపుల దాకా పోనక్కర్లేదు. ఇక్కడ ఆవాలు అంత విరివిగా పండవు, రాజస్థాన్, హర్యానా, ఉత్తరప్రదేశ్‌ వైపు ఆవాల సీజన్లో తీసిన సరుకును అనుమానించాలి. తేయాకు పుప్పొడి కనిపిస్తే అది ఈ జిల్లాలదే కాదు. ‘పత్తి పోలెన్’ అన్న లేబుల్‌ను కూడా నమ్మకండి. పత్తి గింజ పెద్దది, ఒళ్లంతా ముళ్లు. ఉండగా కట్టడానికి ఆ ముళ్లు అడ్డొస్తాయి కాబట్టి తేనెటీగ ఒంటికి అంటిన పత్తి పుప్పొడిని చాలావరకు దులిపేసుకుంటుంది.

గింజల లెక్కలో ఒక ఉచ్చు ఉంది. జామాయిల్ గింజ వ్యాసం సుమారు 25 మైక్రాన్లు, మొక్కజొన్నది సుమారు 90. పరిమాణంలో మొక్కజొన్న గింజ ఒకటి జామాయిల్ గింజలు 46కు పైగా సమానం. వంద గింజల్లో రెండే మొక్కజొన్నవి కనిపించినా పదార్థంలో దాదాపు సగం మొక్కజొన్నదే. గింజల శాతాన్ని నేరుగా ఐసోటోపు లెక్కలో పెడితే వచ్చే జవాబు పూర్తిగా తప్పు. వ్యాసం ఘనంతో గుణించి పరిమాణపు శాతంగా మార్చాకే వాడాలి. ఏరిన ఉండలను విడివిడిగా పరీక్షిస్తే ఈ లెక్క అవసరమే రాదు, అందుకే ఏరడం మీద ఇంత పట్టుబట్టేది.

పాకం పెట్టారా: కార్బన్ ఐసోటోపులు

గాలిలోని కార్బన్‌ను పట్టుకునే తీరును బట్టి మొక్కలను సి3, సి4 అని విడదీస్తారు. చెరకు, మొక్కజొన్న, జొన్న, సజ్జ సి4 రకం మొక్కలు. వీటి కార్బన్-13 విలువ సుమారు మైనస్ 10 నుంచి మైనస్ 15 పర్ మిల్ (ప్రమాణంతో తేడా, వెయ్యికి ఇంత అని). వరి, కొబ్బరి, మిరప, వేప, పొద్దుతిరుగుడు, దాదాపు చెట్లన్నీ సి3 రకం, మైనస్ 23 నుంచి మైనస్ 32 వరకు. ఈగ పుప్పొడిని ఉండ చేసేటప్పుడు పొట్టలోని తేనెతో తడుపుతుంది. పెట్టెలో చెరకు పంచదార పాకం పెట్టి ఉంటే ఆ చక్కెర ఉండలో చేరుతుంది, చెరకు ఆనవాలూ దానితో వస్తుంది.

1. ఏరిన ఒకే రంగు ఉండలు 2 గ్రాములు తీసుకుని 20 మి.లీ. 70 శాతం ఇథనాల్‌లో గది వేడిమి దగ్గర పది నిమిషాలు కలిపి సెంట్రిఫ్యూజ్ చేయండి. ఇలా మూడుసార్లు. నీళ్లు వాడితే గింజల నుంచి మాంసకృత్తులు కూడా కారిపోతాయి.
2. పైన తేరిన ద్రవాలన్నీ కలిపి 40 డిగ్రీల దగ్గర ఆవిరి చేస్తే చక్కెర భాగం మిగులుతుంది. అందులో అమైనో ఆమ్లాలు, రంగు పదార్థాలు కూడా ఉంటాయి. అయాన్ మార్పిడి రెజిన్ గుండా పంపితే శుభ్రపడుతుంది.
3. అడుగున మిగిలిన గింజలను హెక్సేన్‌తో కడిగి నూనె తీసేయాలి. కొవ్వులో కార్బన్-13 తక్కువ. ఒక నమూనాలో నూనె ఉంచి మరోదాంట్లో తీసేస్తే తేడా మొక్కదో, మీ చేతిదో తెలియదు.
4. రెండు భాగాలనూ ఆరబెట్టి 1 మి.గ్రా. చొప్పున తగరపు క్యాప్సూళ్లలో పెట్టి ఎలిమెంటల్ అనలైజర్‌తో కలిపిన ఐఆర్‌ఎంఎస్‌లో (ఐసోటోపుల నిష్పత్తిని కొలిచే యంత్రం) కొలవాలి. యూఎస్‌జీఎస్-40 అనే ప్రమాణ పదార్థం (కార్బన్ మైనస్ 26.39, నత్రజని మైనస్ 4.52), దానికి దూరంగా ఉండే మరో ప్రమాణం, రెండూ ప్రతి వరుసలో ఉండాలి. ఒక్క ప్రమాణంతో సరిచేస్తే స్కేలు సాగిపోయినా తెలియదు.

లెక్క ఇలా. పాకం పెట్టని మీ రిఫరెన్స్ కొబ్బరి ఉండల్లో చక్కెర భాగం మైనస్ 25 ఉందనుకుందాం. అనుమానపు నమూనాలో మైనస్ 18 వచ్చింది. చెరకు చక్కెర మైనస్ 11.5. తేడా 7ను 13.5తో భాగిస్తే 0.52, అంటే చక్కెరలో సగం చెరకుది. గింజల భాగం మాత్రం మైనస్ 27 దగ్గరే ఉంటుంది. గింజలు నిజం, తడిపిన తేనె పాకం.

మొక్కజొన్న పుప్పొడిలో ఇది తలకిందులవుతుంది. గింజలే మైనస్ 12 దగ్గర ఉంటాయి. మొక్కజొన్నకు తేనె ఉండదు కనుక ఈగ వేరే పూల తేనెతో తడుపుతుంది, దాంతో చక్కెర భాగం గింజల కంటే కిందికి, సి3 వైపు జరగాలి. చక్కెర భాగం కూడా మైనస్ 12 దగ్గరే నిలిస్తే అప్పుడు పాకాన్ని అనుమానించాలి. మొత్తం ఉండను మాత్రమే కొలిచి, మైనస్ 13 వచ్చిందని ‘కల్తీ’ అని రాసే ల్యాబు నిజమైన మొక్కజొన్న పోలెన్‌ను దోషిగా నిలబెడుతుంది. డెల్టాలో వరి కోతల తరువాత దుక్కి చేయకుండా వేసే మొక్కజొన్న విస్తారంగా పూసే రోజుల్లో ఈ పొరపాటు తప్పకుండా ఎదురవుతుంది.

ఈ పద్ధతికి ఓ గుడ్డి కోణం ఉంది: బియ్యం సిరప్ సి3. దాన్ని పెడితే కార్బన్ ఐసోటోపు పట్టుకోలేదు.

నేలను చదవడం: మూలకాల విశ్లేషణ

మిర్చి ఎగుమతుల కోసం పరీక్షలు చేసే గుంటూరు ల్యాబుల దగ్గర ఐసీపీ-ఎంఎస్ (ఒక్కో మూలకం ఎంతుందో కొలిచే యంత్రం) దొరికే అవకాశం ఎక్కువ. స్థానికంగా చేయించగలిగిన గట్టి పరీక్ష ఇదే కనుక దీన్ని వివరంగా చెబుతాం.

నూరిన పొడి 0.3 గ్రాములను మైక్రోవేవ్ డైజెషన్ పాత్రలో వేసి 6 మి.లీ. గాఢ నైట్రిక్ ఆమ్లం పోయండి. మూత వేయకుండా హుడ్‌లో అరగంట ఉంచాలి. పుప్పొడిలో చక్కెర, కొవ్వు ఎక్కువ, వెంటనే మూతపెట్టి వేడి చేస్తే పీడనం ఒక్కసారిగా పెరిగి పాత్ర గాలి వదిలేస్తుంది, నమూనా పోతుంది. నురగ తగ్గాక 1 మి.లీ. 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి, 20 నిమిషాల్లో 190 డిగ్రీలకు తెచ్చి మరో 20 నిమిషాలు ఉంచండి. 50 డిగ్రీల కిందికి చల్లారాకే తెరవాలి. అతిశుద్ధ జలంతో 50 మి.లీ.కు తెచ్చి, పొటాషియం, భాస్వరం, మెగ్నీషియం కోసం మరో పదింతలు పలుచన చేయాలి. పుప్పొడిలో పొటాషియం కిలోకు 4 నుంచి 20 గ్రాముల దాకా ఉంటుంది, పలుచన చేయకపోతే డిటెక్టర్ నిండిపోతుంది.

పాత్ర అడుగున తెల్లటి రేణువులు మిగిలితే అది ఇసుక. నైట్రిక్ ఆమ్లానికి సిలికేట్లు కరగవు. దాన్ని కరిగించడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం జోలికి పోవద్దు, ప్రాణాంతకమైన ఆమ్లం అది. ‘ధూళి ఉంది’ అని నమోదు చేసి ముందుకు వెళ్లండి. హీలియం కొలిజన్ సెల్ వాడితే ఇనుము 56 మీద పడే ఆర్గాన్ ఆక్సైడ్, ఆర్సెనిక్ 75 మీద పడే ఆర్గాన్ క్లోరైడ్ అడ్డంకులు తగ్గుతాయి. రోడియం, ఇండియం అంతర్గత ప్రమాణాలుగా పెట్టండి. ప్రతి ఇరవై నమూనాలకు రెండు ఖాళీ పాత్రలు, ఒక నిస్ట్ 1547 పీచ్ ఆకుల పొడి తప్పనిసరి. ఆ ఆకుల పొడికి ధ్రువీకరించిన విలువ రాకపోతే ఆ వరుస మొత్తాన్నీ పక్కన పెట్టాలి.

ఇప్పుడు ఏ మూలకాన్ని నమ్మాలన్నది ప్రశ్న. మన ప్రాంతంలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మిర్చి తోటలకు కాపర్ ఆక్సీక్లోరైడ్ కొడతారు, మాంకోజెబ్ కొడతారు, జింకు సల్ఫేట్ పిచికారీ చేస్తారు. మాంకోజెబ్‌లో మాంగనీసు, జింకు రెండూ ఉంటాయి. రాగి, జింకు, మాంగనీసు ఎక్కువగా కనిపించిన నమూనా నేల గురించి చెప్పడం లేదు, స్ప్రేయర్ గురించి చెబుతోంది. మిర్చి పూత కాలంలో ఈ మూడింటినీ ప్రాంతాన్ని పోల్చే లెక్కలోంచి తీసేయండి.

అల్యూమినియం, టైటానియం, అరుదైన భూమూలకాలు ఒక్కటిగా పైకి లేస్తే అది రోడ్డు ధూళి. మొక్క వీటిని వేళ్లతో చాలా తక్కువగా తీసుకుంటుంది. ఆ ధూళి కూడా ఆ చోటిదే కదా అనిపిస్తుంది, కానీ ఆరబెట్టిన గోదాము మరో ఊళ్లో ఉంటే అది గోదాము ధూళి. టైటానియంతో ప్రతి మూలకానికీ నిష్పత్తి తీసి, రిఫరెన్స్ చోటి మట్టిలోని నిష్పత్తితో పోల్చితే ఈ సందేహం తీరుతుంది.

వీటన్నిటినీ తీసేశాక నిలబడేవి: రుబీడియం, స్ట్రాన్షియం, బేరియం, కాల్షియం, మెగ్నీషియం, బోరాన్, మాలిబ్డినం, సోడియం. స్ట్రాన్షియం, కాల్షియం మధ్య నిష్పత్తి విడి విలువల కంటే నమ్మదగ్గది. తేమ, చక్కెర శాతం మారినా నిష్పత్తి అంతగా కదలదు.

మిగతా ఐసోటోపులు: మన కాలువలు పెట్టే చిక్కులు

ఐఆర్‌ఎంఎస్ అన్నిచోట్లా ఉండదు. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ వంటి భూభౌతిక సంస్థల్లో, కొన్ని పెద్ద ఆహార పరీక్షా కేంద్రాల్లో ఉంటుంది. పంపే ముందు ఈ కింది పరిమితులు తెలిసి ఉండాలి.

ఆక్సిజన్-18, హైడ్రోజన్-2 వాననీటి ఆనవాళ్లు. పుస్తకాల ప్రకారం తీరం నుంచి లోపలికి పోయేకొద్దీ అవి మారాలి. కానీ ఇక్కడ మొక్క తాగేది స్థానిక వాన కాదు. సాగర్ కుడి కాలువ పల్నాడుకు, ఎడమ కాలువ నందిగామ, జగ్గయ్యపేట వైపు ఒకే జలాశయపు నీరు తెస్తాయి. ఎండకు ఆవిరై బరువెక్కిన నీరది. ప్రకాశం బ్యారేజీ కింది డెల్టాకు 2015 తరువాత పట్టిసీమ ద్వారా గోదావరి నీరూ వస్తోంది. కాబట్టి కాలువ కింది పంటల్లో ఆక్సిజన్ ఐసోటోపుతో తెనాలిని ఏలూరు నుంచి విడదీయాలని చూడటం వృథా. వానాధారపు మెట్టలోని సర్కారు తుమ్మ, వేప, కానుగ పుప్పొడికి మాత్రం అది పనికొస్తుంది. చేయించేట్లయితే వెండి క్యాప్సూళ్లలో, నమూనానూ ప్రమాణాన్నీ ఒకే గాలిలో కొన్ని రోజులుంచి, ఆపైన వాక్యూమ్‌లో ఆరబెట్టి కొలవాలి. పుప్పొడి గాలిలోని తేమను పీల్చి, ల్యాబు ఉన్న ఊరి ఆనవాలును తనలో కలుపుకుంటుంది.

నత్రజని-15 ఎరువు కథ చెబుతుంది. యూరియా సున్నా దగ్గర ఉంటుంది, పశువుల ఎరువు దానికి చాలా పైన. ‘సేంద్రియ తోటల పోలెన్’ అన్న వాదనను తూచడానికి ఇది ఉపయోగపడుతుంది కానీ పప్పుజాతి మొక్కలకు కాదు. మినుము, పెసర గాలి నుంచి తీసుకునే నత్రజని కూడా సున్నా దగ్గరే ఉంటుంది.

గంధకం-34 తీరానికి సాక్షి. సముద్రపు సల్ఫేట్ ప్లస్ 21 దగ్గర ఉంటుంది, గాలి మోసుకొచ్చే ఉప్పు తుంపర తీరపు మొక్కల్ని అటు లాగుతుంది. అయితే బాపట్ల ఇసుక నేలల్లో వేరుశనగకు జిప్సం వేస్తారు, సూపర్ ఫాస్ఫేట్‌లోనూ గంధకం ఉంది. ఎరువు పడని మొక్కను ఎంచుకోవాలి. తీరపు కొబ్బరి, తాటి, సరుగుడు గట్ల పక్కని కలుపు మొక్కలు మంచివి.

వీటన్నిటిలో నేలకు మూలమైన రాతి రకాన్నీ వయసునూ చదివేది స్ట్రాన్షియం 87/86 నిష్పత్తి. దక్కన్ బసాల్టు రాళ్లలో ఇది తక్కువ, పాత గ్రానైట్, నీస్ రాళ్లలో ఎక్కువ, సముద్రపు నీటిలో 0.7092. కృష్ణ రెండు రకాల రాళ్లనూ కోసుకుంటూ వస్తుంది కనుక డెల్టా ఒండ్రు వాటి మిశ్రమం. పల్నాడు సున్నపురాయి, కొండపల్లి, మంగళగిరి వైపు కొండలు వేర్వేరు విలువలిస్తాయి. పుప్పొడిలో స్ట్రాన్షియం కిలోకు కొద్ది మిల్లీగ్రాములే, అందుకని ఒక గ్రాము దాకా పదార్థం కావాలి. స్ట్రాన్షియం రెజిన్‌తో రుబీడియంను పూర్తిగా వేరు చేయాలి. మిగిలితే రుబీడియం-87 నేరుగా లెక్కలో పడి నిష్పత్తిని పెంచేస్తుంది. నిస్ట్ 987 ప్రమాణం 0.71025 చూపాలి. ఖర్చు ఎక్కువే. మిగతా పరీక్షల తరువాత కూడా తేలని సరుకుకు, దానికి ధర తగినంత ఉన్నప్పుడు మాత్రమే చేయించండి.

ఫినాలిక్ ఆనవాలు

మొక్క గుర్తింపును రసాయనంతో మళ్లీ నిర్ధారించుకోవడానికి ఇది. స్లైడు చదివేవారు అందుబాటులో లేనప్పుడు, లేదా సంచి పొడిగా వచ్చి ఉండలు ఏరడం కుదరనప్పుడు దీనిమీదే ఆధారపడాలి. 0.5 గ్రాముల పొడికి 80 శాతం మిథనాల్ 10 మి.లీ. పోసి, మంచు వేసిన సోనికేటర్‌లో 30 నిమిషాలు ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి, 0.22 మైక్రాన్ ఫిల్టర్ గుండా పంపండి. సి-18 కాలమ్, 0.1 శాతం ఫార్మిక్ ఆమ్లం కలిపిన నీరు, అసిటోనైట్రైల్. అసిటోనైట్రైల్‌ను 45 నిమిషాల్లో 10 నుంచి 60 శాతానికి పెంచాలి. 350 నానోమీటర్ల దగ్గర ఫ్లేవనాల్ గ్లైకోసైడ్లు, 300 దగ్గర స్పెర్మిడిన్‌తో కూడిన ఫినాలమైడ్లు కనిపిస్తాయి. ఈ రెంటి అమరిక ఒక్కో మొక్కకు ఒక్కోలా ఉంటుంది. ఆవాల జాతి పుప్పొడిలో కెంఫెరాల్ గ్లైకోసైడ్లు ప్రస్ఫుటంగా ఉంటాయి. శిఖరాల ఎత్తును కాక వాటి మధ్య నిష్పత్తుల్ని పోల్చండి. నిల్వలో ఎత్తు తగ్గుతుంది, వరుస అంత తొందరగా చెదరదు.

లెక్క కట్టడం, నివేదిక రాయడం

మూలకాల విలువల్ని ముందు లాగరిథమ్‌లోకి మార్చి, ఒకే కొలతకు తెచ్చి, ప్రధాన భాగాల విశ్లేషణతో ఓసారి బొమ్మ గీసి చూడండి. గుంపులు ప్రాంతాల వారీగా కాకుండా పరీక్ష చేసిన తేదీల వారీగా విడిపోతే తప్పు ల్యాబులో ఉంది. ఆపైన వర్గీకరణకు డిస్క్రిమినెంట్ విశ్లేషణ (ప్రతి నమూనానూ తెలిసిన గుంపుల్లో ఒకదానికి చేర్చే లెక్క) ఒక్కటే వాడొద్దు. దానికి ‘వీటిలో ఏదీ కాదు’ అనడం చేతకాదు. డెల్టా, పల్నాడు, తీరం అని మూడు గుంపులిచ్చి హర్యానా సరుకు పెడితే దాన్ని ఆ మూడింట్లో ఏదో ఒకదానిలో వేసి, నమ్మకం 95 శాతం అని కూడా చూపిస్తుంది. ఒక్కో ప్రాంతానికీ విడిగా హద్దు గీసే సిమ్కా వంటి పద్ధతిని వాడాలి. మోడల్‌ను పరీక్షించేటప్పుడు ఒక చోటి నమూనాలన్నీ కలిపి పక్కన పెట్టి చూడండి. ఒక్కో నమూనాను విడివిడిగా తీస్తే దాని జంట మోడల్లో మిగిలే ఉంటుంది, ఫలితం ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది.

నివేదికలో రాయదగిన వాక్యాలు మూడే రకాలు. వాదనకు అనుగుణంగా ఉంది. వాదనకు విరుద్ధంగా ఉంది. ఉన్న రిఫరెన్సులతో తేల్చలేం. ఉదాహరణకు ‘బాపట్ల తీరపు కొబ్బరి’ అన్న సరుకులో 90 శాతం ఉండలు కొబ్బరివని తేలి, గంధకం ప్లస్ 18, సోడియం, బోరాన్ ఎక్కువగా వచ్చాయనుకుందాం. ‘తీరప్రాంతపు కొబ్బరికి అనుగుణం’ అని రాయొచ్చు. కోనసీమ, కేరళ కొబ్బరి పుప్పొడి మీ రిఫరెన్సుల్లో లేకపోతే ‘బాపట్లది’ అని రాయకూడదు. ల్యాబు ధ్రువపత్రం అడిగేటప్పుడు ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా అన్నది చాలదు. ఆ గుర్తింపు పరిధిలో ఈ పద్ధతి, ఈ పదార్థం ఉన్నాయా అని చూడండి. తేనెకు ఉన్న గుర్తింపు పుప్పొడికి వర్తించదు. నివేదికతో పాటు ఖాళీ పాత్రల, ప్రమాణాల విలువలు కూడా ఇమ్మని ముందే ఒప్పందంలో రాసుకోవాలి.

రిఫరెన్స్ భాండారాన్ని ఏటా పెంచుతూ ఉండాలి. పెట్టెలు కొత్త చోటికి తరలినప్పుడు, కాలువకు కొత్త నీరు వచ్చినప్పుడు, పంట మారినప్పుడు ఆ చోటి నుంచి తాజా నమూనాలు తీయాలి. పాతవాటిలో ఒక్కోటి 20 గ్రాములైనా మైనస్ 18 డిగ్రీల దగ్గర సీలు విప్పకుండా దాచండి. కొత్త యంత్రం వచ్చిన రోజు ముందు వాటినే కొలిచి, పాత విలువలతో సరిపోయాకే కొత్త సరుకు ముట్టుకోవాలి.